బొంతలో పరాయి గుడ్డ

"హారన్ కొడితే రైలు తొందరగా రాదండీ."

ఆ మాట అన్న అమ్మాయి రైల్వే గేటు పక్కన నిలబడి ఉంది. ఒంటి మీద మెరిసే నారింజ రంగు జాకెట్టు, చంకలో చుట్టిన పచ్చజెండా, నుదుటి మీద చెమట. ముఖంలో కోపం మాత్రం మచ్చుకైనా లేదు. ఫణికిరణ్‌కి ఒళ్ళు మండింది సరిగ్గా అందుకే.

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం బయల్దేరినవాడు, దెందులూరు దాటాక హైవే మీద లారీల బారు చూసి ఆగలేక, పక్క ఊరి రోడ్డులోకి కారు తిప్పాడు. ఆ రోడ్డు తిన్నగా తీసుకొచ్చి ఈ గేటు ముందు పడేసింది. వచ్చి నాలుగు నిమిషాలైంది. ఈలోగా నలభై హారన్లు కొట్టాడు.

"రైలెక్కడుంది మేడమ్? కనుచూపు మేరలో లేదు. ఒక్క సెకను ఎత్తండి, వెళ్ళిపోతాను."

"ఎత్తితే నిజంగానే వెళ్ళిపోతారండీ. అందుకే ఎత్తట్లేదు."

"నేనెవరో తెలుసా మీకు?"

"తెలుసండీ. ఇందాక పక్కనుంచి దూరదామని కారు అడ్డంగా తిప్పారు కదా, అప్పుడు వెనక అద్దం మీద చదివాను."

ఫణి తల వెనక్కి తిప్పాడు. కారు వెనక అద్దం నిండా అతని ఫొటోనే. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చిరునవ్వు నవ్వుతున్న ఫొటో. కింద పెద్ద అక్షరాల్లో, 'ఓర్పు గురువు ఫణికిరణ్. ఆగండి. ఊపిరి పీల్చుకోండి. నవ్వండి.'

అప్పుడొచ్చింది గూడ్సు. యాభై ఎనిమిది పెట్టెలు. ఫణి పళ్ళు నూరుతూ లెక్కపెట్టాడు. చివరి పెట్టె దాటాక అమ్మాయి జెండా చుట్టి, చక్రం తిప్పి గేటు ఎత్తింది. కారు పక్కకొచ్చినప్పుడు వంగి, ఎంతో మర్యాదగా అంది.

"ఆగండి. ఊపిరి పీల్చుకోండి. నవ్వండి. ఇప్పుడు వెళ్ళండి."

*

ఫణికిరణ్ వయసు ఇరవై తొమ్మిది. ఏలూరు పవర్‌పేటలో ఆఫీసు. వృత్తి, జనానికి ఓర్పు నేర్పడం. 'ఇరవై ఒక్క రోజుల్లో ఓర్పు' అతని కోర్సు. అన్ని రోజులు ఆగలేనివాళ్ళ కోసం పది రోజుల ఎక్స్‌ప్రెస్ బ్యాచ్ కూడా ఉంది. ఎక్కువ మంది అందులోనే చేరేవారు.

అతన్ని గొప్పవాణ్ణి చేసింది ఒక్క వీడియో. అందులో ఒక పాత బొంత ఒళ్ళో పెట్టుకుని, సన్నగా వణికే గొంతుతో చెప్పాడు. "ఇది మా నాయనమ్మ మొదలుపెట్టిన బొంత. ఆవిడ చేతులు ఆగిపోయిన చోట నా చేతులు మొదలయ్యాయి. రెండేళ్ళుగా రోజుకి పది కుట్లు. తప్పు కుడితే నన్ను నేను తిట్టుకోలేదు. క్షమించుకున్నాను. మీ తప్పుల్ని మీరూ కౌగిలించుకోండి."

తొమ్మిది లక్షల మంది చూశారు. నాలుగు వేల మంది కింద 'నాయనమ్మగారి ఆత్మకు శాంతి' అని రాశారు.

నాలుగు వేల మంది శాంతి కోరిన సీతారత్నంగారు ఆ రోజు పొద్దున కలిదిండిలో చిన్నకొడుకు ఇంట్లో, రొయ్యల ఇగురు నంజుకుని దిబ్బరొట్టె తిని, మోటారు ఆపలేదని చెరువు కాపలా మనిషిని కేకలేస్తోంది. ఫణి ఆవిడ పోయిందని ఎక్కడా అనలేదు. ఉందని కూడా అనలేదు. 

బొంత కూడా అంతే. అతను కుట్టింది ముప్ఫై కుట్లు. వీడియోలో బాగా కనిపిస్తుందని సరిగ్గా నడిమధ్యన ఎర్రదారంతో హృదయం ఆకారం కుట్టాడు. ముప్ఫై ఒకటో కుట్టుకి సూది వేలికి గుచ్చుకుంది. అక్కడితో బొంత ట్రంకు పెట్టెలోకి వెళ్ళింది, అతను పేరు ప్రఖ్యాతుల్లోకి వెళ్ళాడు.

ఇప్పుడు అతని మొదటి పుస్తకం వస్తోంది. ఏలూరులో పెద్ద కల్యాణ మంటపంలో సభ. మేనేజరు వీరేంద్ర అతన్ని అడక్కుండానే పోస్టర్లు వేయించేశాడు. 'పూర్తయిన బొంతను తొలిసారి వేదికపై చూడండి.'

"పూర్తి కాలేదు వీరేంద్రా!"

"ఇరవై ఒక్క రోజులున్నాయి కదండీ. మన కోర్సే."

బొంత పూర్తి కాకపోతే అబద్ధం బయటపడుతుంది. అబద్ధం బయటపడితే ఫణికిరణ్ అనే పేరు మీద నిలబడ్డ ఆఫీసు, పుస్తకం, పరువు ఒక్క రోజులో మూతపడతాయి. అందుకే ఎవరికీ చెప్పకుండా తాడేపల్లిగూడెం వచ్చాడు. అక్కడ రత్నమాణిక్యంగారని ఒక పెద్దావిడ, బొంతలు కుట్టడంలో చుట్టుపక్కల పేరున్న మనిషి.

ఇల్లు కనుక్కునేసరికి మధ్యాహ్నం దాటింది. ఆవిడ బొంతను అరుగు మీద పరిచి, కళ్ళజోడు సర్దుకుని, వేళ్ళతో తడిమింది. నడిమధ్యకొచ్చి ఆగింది.

"ఇదేంటి బాబూ, జీడిమామిడి పండా?"

"హృదయమండీ."

"ఓహో. ఎవరు కుట్టారో గానీ పాపం, చెయ్యి తిరగనివాళ్ళు. బొంత నడుమన మొదలెట్టరండీ. అంచు కాడ మొదలెట్టి చుట్టూ తిప్పుకుంటూ లోపలికి రావాలి. ఇదిగో, ఎలా ఉబ్బిపోయిందో చూడండి."

"మీరు పూర్తి చేసి పెట్టండి మామ్మగారూ. ఎంతైనా ఇస్తాను."

ఆవిడ బొంత మడిచి తిరిగి అతని చేతిలో పెట్టింది. "ఇది పాత చీరల బొంతండీ. ఇంట్లోవాళ్ళు కట్టి విడిచిన గుడ్డలు. ఇందులో ఇంట్లోవాళ్ళ గుడ్డే పడాలి, ఇంట్లోవాళ్ళ చెయ్యే పడాలి. కొత్తది కుట్టమంటే కుడతాను గానీ, ఒకింటివాళ్ళు మొదలెట్టింది నేను ముట్టుకోనండీ. ఏమనుకోకండి."

ఫణి బతిమాలబోతుండగా వీధిలో స్కూటీ ఆగింది. దిగిన మనిషిని చూసి అతను బొంత వెనక్కి దాచబోయాడు. నారింజ జాకెట్టు లేదు గానీ ఆ ముఖం అదే.

"మా మనవరాలండీ, భాగ్యశ్రీ. రైల్వేలో గేటు డ్యూటీ."

భాగ్యశ్రీ అతన్ని చూసింది. చేతిలో బొంతను చూసింది. ఆ బొంతను ఆంధ్రదేశంలో సగం మంది గుర్తుపడతారు. అది ఇంకా పూర్తికాలేదన్న సంగతి ఒక్క నిమిషంలో ఆ అమ్మాయికి అర్థమైపోయింది.

"అమ్మమ్మా, ఈయన తన బొంత తనే కుట్టుకుంటారంట. నేర్పమని వచ్చారు."

"నేనెప్పుడన్నాను?"

భాగ్యశ్రీ దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "గేటు కాడ మీరు అరిచిన వీడియో నా ఫోన్లో ఉందండీ. నలభై హారన్లూ స్పష్టంగా వినపడుతున్నాయి. రేపటినుంచి మూడింటికి రండి. సూది మేం ఇస్తాం."

*

మొదటి రోజు సూదిలో దారం ఎక్కించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ రోజు పొద్దున్నే అతను పెట్టిన సందేశం, 'చిన్న పనుల్లో ప్రశాంతత వెతకండి.'

"దొరికిందాండీ?" అంది భాగ్యశ్రీ.

"ఏంటి?"

"ప్రశాంతత."

"దారం చివర చీలిపోయిందండీ. దారం మంచిది కాదు."

"అవునండీ. ఆ రోజు రైలు కూడా మంచిది కాదు."

రెండో రోజు వేళ్ళకి నాలుగు పోట్లు. మూడో రోజు ఒక వరస పూర్తిచేసి, గర్వంగా లేచి నిలబడ్డాడు. బొంత కూడా అతనితో పాటు లేచింది. ప్యాంటుని కలిపి కుట్టేశాడు.

రత్నమాణిక్యంగారు నవ్వలేదు. భాగ్యశ్రీ లోపలికెళ్ళి నవ్వి వచ్చింది. వంటింట్లో గిన్నెలు కదిలిన చప్పుడుని బట్టి, గోడ పట్టుకుని నవ్వి ఉంటుందని ఫణి అంచనా వేశాడు. విచిత్రం ఏంటంటే, అతనికి కోపం రాలేదు. ఇంకోసారి నవ్వితే బాగుండుననిపించింది.

ఐదో రోజు వంకరగా పోయిన వరస చూసి, కుట్లు విప్పబోయాడు. పెద్దావిడ చటుక్కున చెయ్యి పట్టుకుంది.

"విప్పకండి బాబూ! పాత గుడ్డ, లాగితే చిరిగిపోద్ది. తప్పు పోతే పోనివ్వండి, దాని పక్కనుంచి ఇంకో వరస వేసుకోండి. నాలుగు వరసలయ్యాక ఏది వంకరో ఎవరికీ తెలీదు."

"నేనూ అదే చెబుతానండీ మామ్మగారూ. తప్పుల్ని కౌగిలించుకోమని."

"కౌగిలించుకోడం దేనికండీ? పక్కనుంచి వెళ్ళిపోతే చాలదూ?"

అతను కోర్సులో పద్నాలుగు పాఠాలు పెట్టి చెప్పినదాన్ని ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది. ఎక్స్‌ప్రెస్ బ్యాచ్‌వాళ్ళకి ఈవిడ దొరక్కపోవడమే మంచిదయింది.

తొమ్మిదో రోజు వాన పట్టుకుంది. అరుగు మీద చూరు కింద ఇద్దరూ చెరో పక్కన కూర్చున్నారు. బొంత తడవకుండా జరగాలి, జరిగితే భుజాలు తగులుతాయి. ఫణి బొంత క్షేమం దృష్ట్యా జరిగాడు.

"మిమ్మల్ని అందరూ తిడతారు కదండీ, గేటు దగ్గర?" అన్నాడు.

"పొద్దుట తొమ్మిదికి కాలేజీ పిల్లలు, పదింటికి ఆఫీసులవాళ్ళు, పదకొండింటికి మీరు."

"నేనొక్కసారేగా!"

"మీది ఒక్కసారే నలభై అండీ." భాగ్యశ్రీ సూదిలో దారం ఎక్కించి అతనికిచ్చింది. "చేరిన కొత్తలో ఏడుపొచ్చేది. ఇంటికొచ్చి ఎవరేమన్నారో అన్నీ మళ్ళీ తలచుకునేదాన్ని. వాళ్ళు ఒకసారి తిడితే నన్ను నేను పదిసార్లు తిట్టుకునేదాన్ని. నా చేతకానితనమే అనుకునేదాన్ని. ఒకరోజు అమ్మమ్మ అడిగింది, తిట్టేవాడు బండెక్కి వెళ్ళిపోయాక కూడా వాడి డ్యూటీ నువ్వెందుకు చేస్తున్నావే అని."

ఫణి సూది పక్కన పెట్టి ఆ అమ్మాయి ముఖంలోకి చూశాడు. వెంటనే ఫోను తీసి ఆ మాట రాసుకోబోయాడు. భాగ్యశ్రీ కళ్ళు చిన్నవి చేసింది.

"రేపు పొద్దుట మీ పేరు మీద చదవాల్సి వస్తుందా అండీ?"

అతను ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. ఆ రోజు, చాలా కాలం తర్వాత, ఒక మంచి మాట విని ఊరుకున్నాడు.

ఆ తర్వాత రోజు నుంచి ఫణి హైవే ఖాళీగా ఉన్నా గేటు రోడ్డులోంచే రావడం మొదలుపెట్టాడు. ఆమె డ్యూటీ దిగే వేళకి గేటు పడి ఉంటే ఆనందం, ఎత్తి ఉంటే నిరాశ. గేటు పడ్డప్పుడు ఇంజను ఆపి, గేటు గది గోడ మీద రాసినవన్నీ చదివేవాడు. రైలు వెళ్ళిపోయాక కూడా వెనకవాళ్ళు అరిస్తే గానీ కదిలేవాడు కాదు.

*

పదిహేడో రోజుకి చుట్టూ వరసలు పడి బొంత బొంతలా కనిపిస్తోంది. మూలన కాసింత జాగా, నడుమన ఆ జీడిమామిడి పండు మిగిలాయి. 

ఆ పండుని చూస్తే ఫణికి సిగ్గు ముంచుకొచ్చేది. మిగతాదంతా వంకరో టింకరో, నిజంగా కుట్టింది. అది మాత్రం కెమెరా కోసం కుట్టింది. భాగ్యశ్రీ దాని మీదుగా చెయ్యి పోనిచ్చినప్పుడల్లా తన మోసం మీద చెయ్యి పోనిచ్చినట్టు ఉండేది. ఆ రోజు పెద్దావిడ లోపల మజ్జిగ కలుపుతోంది, భాగ్యశ్రీ ఇంకా రాలేదు. బ్లేడు తీసి ఎర్రదారం కోశాడు. ఒక కుట్టు వచ్చింది. రెండోది రాలేదు. అతనికి ఓర్పు నశించింది. పట్టి లాగాడు.

పర్రుమంది.

జానెడు చిరుగు. పైచీరతో పాటు కింది చీర కూడా నోరు తెరిచింది.

భాగ్యశ్రీ వచ్చేసరికి అతను తల పట్టుకుని కూర్చుని తనని తాను తిట్టుకుంటున్నాడు. ఆ తిట్లు కోర్సులో లేనివి.

"ఎందుకు లాగారండీ?"

"చూడలేకపోయాను. నేను దేనికీ పనికిరాను. తొందర తప్ప నాకేదీ రాదు."

భాగ్యశ్రీ వెక్కిరించలేదు. చిరుగు అంచులు మెల్లగా దగ్గరికి తెచ్చి చూసింది. "మాసిక వేస్తే సరిపోద్దండీ. మీ నాయనమ్మగారి పాత చీర ముక్క ఇంకోటి ఉంటే తీసుకురండి. ఆవిడ పోయాక పెట్టె అలాగే ఉంచి ఉంటారు కదా."

ఫణి నేల చూశాడు.

"ఉంచారా?"

"ఆవిడ పెట్టె... ఆవిడ దగ్గరే ఉందండీ."

"అంటే?"

"కలిదిండిలో. బాబాయి వాళ్ళింట్లో. రొయ్యల చెరువు చూసుకుంటూ ఉంటుంది. నేను పోయిందని అనలేదండీ, జనమే అలా..."

భాగ్యశ్రీ చేతిలోంచి బొంత జారింది. ఈ పదిహేడు రోజుల్లో ఆమె ముఖంలో మొదటిసారి కోపం చూశాడు ఫణి. గేటు దగ్గర నలభై హారన్లకి రానిది ఇప్పుడొచ్చింది.

"కుట్టు రాకపోతే నేర్చుకోవచ్చండీ. బతికున్న మనిషికి నాలుగు వేల మంది శాంతి కోరుతుంటే చూస్తూ కూర్చున్నారు చూడండీ, దానికి పక్కనుంచి వరస వెయ్యలేం. వెళ్ళండి."

"భాగ్యశ్రీగారూ..."

"బొంత ఇక్కడ వదిలి వెళ్ళండి. దాన్ని మీ చేతికివ్వాలంటే నాకు భయంగా ఉంది."

*

మర్నాడు ఫణి కొల్లేరు మీదుగా కలిదిండి వెళ్ళాడు. దారికి రెండువైపులా చెరువులు, నీళ్ళు చిలుకుతున్న ఏరియేటర్లు, గట్ల మీద తనకన్నా ఓపిగ్గా నిలబడ్డ కొంగలు. అన్నీ తననే చూస్తున్నట్టనిపించింది.

సీతారత్నంగారు వాకిట్లో మంచమ్మీద కూర్చుని ఫోను చూస్తోంది. తలెత్తలేదు.

"వచ్చావా? రా. నీ వీడియో కిందే ఉన్నాను. ఇవాళ ఇంకో పదకొండు మంది నాకు శాంతి కోరారు."

"నాయనమ్మా, నీకు తెలుసా?"

"మీ బాబాయి చూపించాడు. నన్ను చంపావని కోపం లేదురా. పోయినదాన్ని కదా, కనీసం పెద్దకర్మ భోజనం పెట్టిస్తావేమో అని చూశాను. అదీ లేదు."

ఫణి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. వీడియో, ముప్ఫై కుట్లు, గేటు, భాగ్యశ్రీ, చిరుగు, ఏదీ దాచకుండా చెప్పాడు. చెప్పడం అయ్యాక అడిగాడు.

"నీ పాత నేతచీర ఒక్కటి ఉంటే ఇవ్వు నాయనమ్మా."

"అన్నీ స్టీలు సామాన్లవాడికి వేసి గిన్నెలు తీసుకున్నాను. ఆ డబరా అదే."

"నువ్వసలు ఆ బొంత ఎందుకు ఆపేశావు? చేతులు నొప్పులా?"

"నొప్పులేంటి, విసుగొచ్చింది." ఆవిడ ఫోను పక్కన పెట్టింది. "నాలుగు రోజులు పరిచి, టాకాలేశాను. ఐదోరోజు అనిపించింది, ఎవడు కుడతాడ్రా ఇంత అని. గుడివాడ వెళ్ళి రగ్గు కొనుక్కున్నాను. ఇరవై రెండేళ్ళయింది. ఒక్క రోజు కూడా బాధపడలేదు."

తనతో తాను ఇంత దయగా ఉన్న మనిషిని ఫణి కోర్సు ఇంతవరకూ తయారుచేయలేదు.

"ఎల్లుండి సభకి వస్తావా నాయనమ్మా?"

"ఏమని?"

"బతికున్నానని."

"భోజనాలున్నాయా?"

*

సభరోజు పొద్దున ఫణి కారు వెనక అద్దం మీది స్టిక్కరు గోకాడు. ఫొటో ఊడింది, పేరు ఊడింది. 'ఆగండి' అన్న మాట మాత్రం ఎంత గోకినా ఊడలేదు. టైమయిపోయింది, అలాగే బయల్దేరాడు.

కల్యాణ మంటపం నిండిపోయింది. మొదటి వరసలో ఫణి పిలిపించిన రత్నమాణిక్యంగారు, ఒళ్ళో గుడ్డసంచీ. బొంత అందులోనే ఉంది. ఆవిడ పక్క కుర్చీ ఖాళీ.

"భాగ్యశ్రీగారు రాలేదాండీ?"

"డ్యూటీ బాబూ. రెండింటికి దిగుద్ది." ఆవిడ సంచీ అతని చేతిలో పెట్టింది.

ఫణి మైకు ముందుకొచ్చాడు. ఈసారి గొంతు వణకడానికి అతను ప్రాక్టీసు చేయలేదు, అదే వణికింది.

"అందరికీ నమస్కారమండీ. మీకు చెప్పిన కథ అబద్ధం. నేను రెండేళ్ళు కుట్టలేదు. ముప్ఫై కుట్లు వేసి వదిలేశాను. మొన్న పదిహేడు రోజులు, ఒకరు దగ్గర కూర్చోబెట్టి కుట్టిస్తే కుట్టాను. అదీ పూర్తికాలేదు. పైగా చింపాను. మా నాయనమ్మ పోలేదు. వీరే."

సీతారత్నంగారు చేతికర్ర పొడుచుకుంటూ వేదికెక్కింది. ఒకాయన మాత్రం చప్పట్లు కొట్టాడు. ఇది కూడా కోర్సులో భాగమనుకున్నట్టున్నాడు. తెర వెనక నుంచి వీరేంద్ర బొటనవేలు పైకెత్తి చూపించాడు. నిజం చెప్పడం ఇంత బాగా ఆడుతుందని అతనికి ఇంతవరకూ తట్టలేదు.

నాయనమ్మ మైకు లాక్కుంది. "నేను చావలేదండీ. మీరు కోరిన శాంతి ఇంట్లోనే ఉంచుకోండి, ఎప్పుడైనా పనికొస్తుంది. ఏదిరా నా బొంత?"

ఫణి, వీరేంద్ర చెరో అంచు పట్టుకుని బొంత విప్పారు.

ఫణి చిరుగు కోసం చూశాడు. చిరుగు లేదు. జీడిమామిడి పండు ఉన్న చోట ఆకుపచ్చ గుడ్డ మాసిక ఉంది. దాని చుట్టూ చీమలబారులా సన్నటి, తిన్నటి కుట్లు. ఆ కుట్లు తనవి కావు.

సీతారత్నంగారు కళ్ళద్దాలు పెట్టుకుని, బొంతని వేలితో పొడుస్తూ ఒక్కొక్కటే చదువుతోంది. "ఇది నా పెళ్ళిలో నేతచీర. ఇది మీ అమ్మది, నీ బారసాలకి కట్టింది. ఇది మీ అత్తది, అడక్కుండా తీశాను. ఈ ఆకుపచ్చది ఎవరిదిరా? మన ఇంట్లో ఎవరికీ ఈ రంగు లేదే?"

మొదటి వరసలోంచి రత్నమాణిక్యంగారు లేచింది. "మా మనవరాలి వోణీ అండీ అది."

సీతారత్నంగారు మైకులోనే అడిగింది. "బయటివాళ్ళ గుడ్డ బొంతలో పడకూడదు కదమ్మా?"

"ఆయ్, పడకూడదండీ. నేనూ అదే చెప్పాను. 'తెలుసు అమ్మమ్మా, తెలిసే వేస్తున్నాను' అంది."

సీతారత్నంగారు మనవడికేసి తిరిగింది. అతని ముఖం చూసింది. మైకు పక్కకి పెట్టి అడిగింది, అయినా హాలంతటికీ వినబడింది.

"ఇంకా ఇక్కడేం చేస్తున్నావురా?"

*

ఫణి ఏలూరు నుంచి ఎలా వచ్చాడో అతనికే తెలీదు. దెందులూరు దాటాడు, పక్క రోడ్డులోకి తిరిగాడు, మలుపు తిప్పాడు.

గేటు పడి ఉంది.

అవతల ఆమె. పచ్చజెండా పట్టుకుని, పట్టాలకేసి చూస్తూ నిలబడి ఉంది. ఇవతల అతను. ఇద్దరి మధ్యా రెండు గేట్లు, నాలుగు పట్టాలు.

చెయ్యి హారన్ మీదికి వెళ్ళింది. ఆగింది. ఇంజను ఆపాడు. కారు దిగి వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాడు. గూడ్సు వచ్చింది. ఈసారి పెట్టెలు లెక్కపెట్టలేదు, వాటి సందుల్లోంచి కనబడి మాయమవుతున్న నారింజ జాకెట్టునే చూశాడు. 

రైలు వెళ్ళిపోయాక ఆమె పట్టాలు దాటి ఇవతలికొచ్చింది. గేటు మాత్రం ఎత్తలేదు.

"ఇంకో రైలుందండీ," అంది. తర్వాత అంది, "సభ అయిపోయిందా?"

"మధ్యలో వచ్చేశాను."

"చెప్పేశారా?"

"అంతా చెప్పాను. నాయనమ్మ కూడా చెప్పింది. మీరిక ఆ వీడియో పెట్టినా పర్వాలేదండీ."

భాగ్యశ్రీ జెండా కర్రని చూసుకుంటూ నవ్వింది. "డ్యూటీలో ఫోను ముట్టుకోమండీ. వీడియో ఎక్కడిది?"

"తెలుసు."

"తెలుసా?"

"పదో రోజునుంచి. గేటు పడ్డప్పుడల్లా ఇక్కడ ఆగి ఏం చేస్తాననుకున్నారు? మీ గది గోడ మీద రాసుంది, 'విధుల్లో సెల్‌ఫోన్ వాడరాదు' అని."

"మరి తెలిశాక కూడా రోజూ వచ్చి వేళ్ళు గుచ్చుకున్నారేం?"

"కొందరు చెప్పకుండా వోణీలు చించుకుంటారు కదండీ. అలాగే."

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. రెండో రైలు వచ్చేస్తోంది. పరుగున వెళ్ళి తన చోట నిలబడి జెండా చూపించింది. ప్యాసింజరు రైలు, కిటికీల్లో జనం. ఒక పిల్లాడు ఫణికి చెయ్యూపాడు. ఫణి తిరిగి ఊపాడు. రైలు దాటాక ఆమె చక్రం తిప్పింది. గేటు లేచింది. ఆమె మళ్ళీ దగ్గరికొచ్చింది.

"ఇంట్లోవాళ్ళ గుడ్డే పడాలని కదండీ మామ్మగారు చెప్పింది?" అన్నాడు.

"అవునండీ."

"మరి మీరు...?"

"మాట తప్పలేదండీ. కాస్త ముందుగా వేశాను, అంతే."

"ఒక్క సెకను ముందు గేటు ఎత్తని మీరు?"

"గేటు వేరండీ."

ఫణికి ఏదో పెద్దమాట చెప్పాలనిపించింది. పుస్తకంలో అలాంటివి రెండొందల పేజీలున్నాయి. ఒక్కటీ గుర్తు రాలేదు.

"భాగ్యశ్రీగారూ, మీరంటే నాకిష్టమండీ. ఆ మూల ఇంకా మిగిలుంది. మీరూ చెయ్యి వేస్తేనే అది పూర్తవుద్ది."

"రెండింటికి డ్యూటీ దిగుతానండీ. సూది తెచ్చుకోండి. బ్లేడు వద్దు."

"అప్పటిదాకా ఇక్కడే ఉంటాను."

"గంటన్నరుంది."

"ఉండనివ్వండి."

వెనక ట్రాక్టరు, రెండు ఆటోలు, పాలవ్యాను, ఆరు మోటారు సైకిళ్ళు బారుతీరి ఉన్నాయి. గేటు ఎత్తినా ముందు కారు కదలడం లేదు. కారులో మనిషి లేడు. వెనక అద్దం మీద మాత్రం పెద్ద అక్షరాల్లో 'ఆగండి' అని ఉంది. అది చదివి అందరూ ఒక్కసారిగా హారన్లు అందుకున్నారు.

"ఏవండీ," అంది భాగ్యశ్రీ, జెండా చంకలో పెట్టుకుంటూ. "అందరికీ మీ అంత ఓపిక ఉండదు. ముందు కారు పక్కకి తీయండి."